తిండి ఎక్కువై వచ్చిన జబ్బు కాదు ఇది

ప్రశ్న: నా వయసు 27. మాది గుంటూరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ హాస్టల్‌లో ఉంటున్నాను. ఇంటర్ రెండో సంవత్సరంలో మొదలైంది నా సమస్య. పగలంతా కడుపు మాడ్చుకోవడం, రాత్రి అదుపు లేకుండా తినేయడం, ఆపైన వాంతి చేసుకోవడం. నిరుడు ధైర్యం చేసి మానసిక వైద్యురాలిని కలిశాను. బులీమియా అన్నారు. మందులు వాడుతున్నాను, కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాను. అమ్మకు చెబితే, ‘తిండికి లేనివాళ్లకు వస్తాయా ఇలాంటి జబ్బులు? నీకు తిండి ఎక్కువై వచ్చింది’ అంది. నాన్నకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. నేను లావూ కాదు, సన్నమూ కాదు. చూడటానికి బాగానే ఉంటాను కాబట్టి జబ్బంటే ఎవరూ నమ్మరు. పంటి డాక్టరు నా పళ్ల వెనుక భాగం చూసి, ‘వాంతులు చేసుకునే అలవాటుందా?’ అని నర్సు, ఇంకో పేషెంటు వింటుండగా గట్టిగా అడిగారు. మళ్లీ అటు వెళ్లలేదు. వచ్చే నెల మా బాబాయి కూతురి పెళ్లి. పంక్తిలో కూర్చోవాలంటేనే వణుకు. నాకూ సంబంధాలు చూస్తున్నారు. వాళ్లకు చెప్పాలా, దాచాలా? ఇదంతా నేను చేజేతులా తెచ్చుకున్నదేనా? రెండు నెలలుగా వాంతులు మళ్లీ మొదలయ్యాయి. డాక్టరు గారికి మాత్రం తగ్గిందనే చెబుతున్నాను. ఆమె చాలా మంచివారు. నా మీద ఆశ వదులుకుంటారేమోనని భయం.
- పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరంలో అమ్మ మాటకు, పంటి డాక్టరుకు, పెళ్లికి చాలా చోటిచ్చి, అసలు ప్రమాదమున్న సంగతిని చివర్లో నాలుగు ముక్కల్లో చెప్పి వదిలేశారు. నేను అక్కడి నుంచే మొదలు పెడతాను. మిగతావి ఒక వారం ఆగినా ఫరవాలేదు, ఇది ఆగకూడదు.

తరచూ వాంతి చేసుకునేవారి రక్తంలో పొటాషియం పడిపోయే ప్రమాదం ఉంది. గుండె లయ తప్పకుండా కొట్టుకోవడానికి అది కావాలి. ప్రమాదకరమైన స్థాయికి తగ్గినా కొందరు మామూలుగానే ఆఫీసుకు వెళ్లి వస్తుంటారు, నవ్వుతూ మాట్లాడుతుంటారు. పైకి ఏమీ కనిపించదు. కాబట్టి మీ డాక్టరు గారికి తెలియాలంటే మీరైనా చెప్పాలి, రక్తపరీక్షలోనైనా బయటపడాలి. తగ్గిందని మీరే చెబుతుంటే ఆమె పరీక్ష ఎందుకు రాస్తారు? పైగా తగ్గిందన్న నమ్మకంతో మందు మోతాదు మార్చవచ్చు, కౌన్సెలింగ్‌ను నెలకొకసారికి కుదించవచ్చు. మీరు ఆమె మనసు నొప్పించకూడదనుకుని ఆమె చేతిలోని సమాచారాన్ని లాగేసుకుంటున్నారు.

ఆమె ఆశ వదులుకోరు. బులీమియా తగ్గుముఖం పట్టి మళ్లీ తలెత్తడం ఈ చికిత్స చేసేవారందరికీ తెలిసిన విషయమే, దానికి ఏం చేయాలో కూడా వారికి తెలుసు. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసుకెళ్లండి: ‘రెండు నెలలుగా మళ్లీ మొదలైంది. సిగ్గుపడి మీకు చెప్పలేదు.’ లోపలికి వెళ్లగానే, కూర్చోకముందే ఆమె చేతికివ్వండి. కూర్చుని బాగోగులు మాట్లాడటం మొదలైతే ఆ కాగితం సంచిలోనే ఉండిపోతుంది. పొటాషియం పరీక్ష, ఈసీజీ అవసరమేమో మీరే అడగండి. ఈ లోగా గుండె దడదడలాడినా, కళ్లు తిరిగి పడిపోయినా, కండరాలు పట్టేసినా, వాంతిలో రక్తం కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లి, అక్కడి డ్యూటీ డాక్టరుకు వాంతుల సంగతి దాచకుండా చెప్పండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చినా 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అది. ఏ వేళనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర లేదు.

ఈ జబ్బు చుట్టూ ఉన్న చిన్నచూపు చేసే అసలు నష్టం, మీరు డాక్టరు దగ్గర కూడా ఇలా దాచడమే అని నా నమ్మకం. అమ్మ ఒక మాట అంది, పిన్ని ఒక చూపు చూసింది, ఎవరో వెనకాల నవ్వారు. అవి బాధిస్తాయి. అయితే ఆ మాటలను మనం లోపల ఒప్పేసుకుంటాం చూడండి, అప్పుడు మనకు మేలు చేయగలిగిన మనిషి దగ్గర కూడా నోరు మూతపడుతుంది. దాచిన కొద్దీ ఒంటరితనం, ఒంటరితనంలో మళ్లీ తిండి, ఆ తర్వాత వాంతి, ఆ తర్వాత మరింత సిగ్గు. బులీమియా బతికేదే ఈ చాటున. లోకం నోరు మూయించడం మీ వల్ల కాదు, నా వల్ల కాదు. ఈ చాటును ఒక్కొక్క మనిషి దగ్గర తొలగించడం మాత్రం మీ చేతిలో ఉంది. మొదటి మనిషి మీ డాక్టరు గారు.

ఇక ‘చేజేతులా తెచ్చుకున్నదేనా’ అన్న ప్రశ్న. కాదు. ఓదార్చడానికి అంటున్న మాట కాదిది, కారణాలు చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆకలితో మాడిన జనానికి తిరిగి తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం. శరీరం, మనసు రెండూ దృఢంగా ఉన్నాయని పరీక్షించి 36 మంది యువకులను ఎంచుకున్నారు. వారంతా స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారే. దాదాపు ఆరు నెలలు వారికి అరకొర తిండి పెట్టారు. కొన్ని వారాలకే వారి లోకం తిండి అయిపోయింది. తిండి గురించే మాటలు, తిండి గురించే కలలు. అంతకుముందు వంటింటి ముఖం చూడనివారు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. చిన్న గిన్నెడు తిండిని గంటల తరబడి కెలుకుతూ కూర్చున్నారు, పళ్లేలు నాకారు. చిరాకు, దిగులు, నలుగురిలోకి రావడానికి విముఖత పెరిగాయి. తిరిగి పూర్తి తిండి పెట్టడం మొదలయ్యాక కొందరు ఆగలేక తిన్నారు. ఎంత తిన్నా ఇంకా కావాలనిపించిందని చెప్పారు. వాళ్లకు అద్దం ముందు నిలబడే దిగులు లేదు, సన్నబడాలన్న కోరిక లేదు. కేవలం ఆకలి ఆ మనుషులను అలా చేసింది.

మీరు రాసిన వరస ఒకసారి చూడండి. ‘పగలంతా కడుపు మాడ్చుకోవడం, రాత్రి అదుపు లేకుండా తినేయడం’ అన్నారు. మీరు పగటి భాగాన్ని క్రమశిక్షణ అనుకుంటున్నారు, రాత్రి భాగాన్ని తప్పు అనుకుంటున్నారు. నిజానికి రాత్రి జరిగేదానికి బీజం పగలే పడుతోంది. అందుకే బులీమియాకు చేసే చికిత్సలో మొదటి పాఠం ‘తక్కువ తిను’ అని ఉండదు. వేళకు తిను, నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకు అంటారు. మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడు సార్లు చిరుతిండి. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన చికిత్స ఈ పునాది మీదే నిలబడింది. సాధారణంగా 20 వారాల్లో 20 సిట్టింగులుగా ఇస్తారు. మీ కౌన్సెలింగ్ ఈ పద్ధతిలో సాగుతోందో లేదో అడిగి తెలుసుకోండి.

ఆకలి ఒక్కటే కారణమైతే డైటింగ్ చేసిన ప్రతి ఒక్కరికీ ఈ జబ్బు రావాలి, రావడం లేదు. పుట్టుకతో వచ్చే స్వభావం ఉంది, జన్యువుల పాత్ర ఉంది. మీ జబ్బుకు దగ్గరి బంధువైన అనొరెక్సియా (లావవుతామన్న భయంతో తిండి బాగా తగ్గించి చిక్కిపోయే జబ్బు) మీద 2019లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో దాదాపు 17 వేల మంది రోగుల జన్యు సమాచారాన్ని పరిశీలించి, జన్యుపటంలో ఎనిమిది చోట్ల ఆ జబ్బుతో సంబంధం ఉన్నట్టు గుర్తించారు. చుట్టూ ఉన్న లోకం పాత్రా ఉంది. ఫిజీ దీవుల్లో ఒళ్లు నిండుగా ఉండటాన్నే అందంగా, ఆరోగ్యంగా చూసేవారు. మన అమ్మమ్మల కాలం కూడా అలాంటిదే కదా. అక్కడి నడ్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. మానవ శాస్త్రవేత్త, వైద్యురాలు ఆన్ బెకర్ ఆ ఏడాది అడిగినప్పుడు బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటామని చెప్పిన బడి పిల్ల ఒక్కరూ లేరు. 1998లో మళ్లీ అడిగితే 11 శాతానికి పైగా అవునన్నారు. ఆ పిల్లలందరూ మూడేళ్లలో చెడిపోయారని అనగలమా? మీరు పదిహేడేళ్ల వయసులో, మీ శరీరం మారుతున్న సమయంలో, ఆ లోకంలోనే ఉన్నారు. ఆ వయసు పిల్ల కూర్చుని ఆలోచించి ఎంచుకున్న దారి కాదు ఇది.

‘జబ్బు మనిషిలా కనిపించను’ అని రాశారు. బులీమియా ఉన్నవారిలో ఎక్కువ మంది అలాగే ఉంటారు. లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ 1979లో 30 మంది రోగుల గురించి రాసి బులీమియాకు ఆ పేరు పెట్టేవరకు వైద్యులకే ఇది విడిగా తెలియదు, ఎముకల గూడులా ఉంటేనే తిండి జబ్బు అనుకునేవారు. మన దగ్గర ఆ భావన ఇంకా పోలేదు. బరువు చూసి ఈ జబ్బు తీవ్రతను కొలవలేరు, మీరూ కొలుచుకోవద్దు.

ఇది ఆడపిల్లల జబ్బు అని కూడా అనుకుంటారు. ఈ సమాధానం చదువుతున్న మగపిల్లలెవరైనా ఉంటే వారి కోసం ఒక మాట. 2005 యాషెస్ సిరీస్‌లో ఆస్ట్రేలియాను వణికించిన ఇంగ్లండ్ ఆటగాడు ఆండ్రూ ఫ్లింటాఫ్ మన క్రికెట్ అభిమానులకు బాగా గుర్తుంటాడు. ఆటలో ఉన్న రోజుల్లోనే తనకు బులీమియా ఉందని, లావుగా ఉన్నాడన్న విమర్శల నడుమ అది మొదలైందని 2020లో బీబీసీ టీవీలో ఆయన వివరంగా చెప్పాడు. అంత బలశాలి ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. తిండి జబ్బులపై తొలి వైద్య వర్ణనల్లో ఒకటైన రిచర్డ్ మోర్టన్ పుస్తకంలో, 1689 నాటికే, ఒక అబ్బాయి కేసు ఉంది.

మీరు రాయకపోయినా మీ ఉత్తరం వెనుక నాకు ఇంకొక బాధ వినిపించింది. మన ఇళ్లలో అన్నం పరబ్రహ్మ స్వరూపం. కంచంలో మెతుకు వదిలితే నాయనమ్మ ఊరుకోదు, కింద పడిన మెతుకును కాలితో తొక్కితే కళ్లకద్దుకుంటాం. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల తిన్న అన్నాన్ని బయటికి పంపేస్తే, ఆరోగ్యం పాడైందన్న భయం కంటే పాపం చేశానన్న భయమే ఎక్కువగా పీడిస్తుంది. నా దగ్గరికి వచ్చేవారు కన్నీళ్లతో మొదట చెప్పేది చాలాసార్లు ఇదే. జ్వరంలో మనిషి వాంతి చేసుకుంటే అన్నానికి అపచారం జరిగిందని ఎవరూ అనరు, నుదురు పట్టుకుని నీళ్లు ఇస్తారు. మీదీ జబ్బే. ప్రాయశ్చిత్తంగా మర్నాడు ఉపవాసం ఉంటున్నారేమో, అదైతే వెంటనే ఆపండి. శనివారాలు, ఏకాదశులు, కార్తీక సోమవారాలు కూడా కోలుకునే వరకు వద్దు. ఒంట్లో బాగాలేని వారికి ఉపవాస నియమం లేదని మన పెద్దలే చెబుతారు. దీపం పెట్టుకోండి, గుడికి వెళ్లండి, వేళకు తినండి.

పంటి డాక్టరు అడిగిన ప్రశ్నలో తప్పు లేదు. కడుపులోని ఆమ్లం పైపళ్ల వెనుక భాగాన్ని ముందుగా కరిగిస్తుంది, కాబట్టి బులీమియాను అందరికంటే ముందు పసిగట్టేది చాలాసార్లు వాళ్లే. అందరూ వింటుండగా అడగడం మాత్రం ముమ్మాటికీ తప్పు. అక్కడికే వెళ్లమని అనను, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. కుర్చీలో కూర్చోగానే మీరే చెప్పేయండి: ‘నాకు బులీమియా ఉంది, చికిత్స తీసుకుంటున్నాను, పళ్లు ఎంత దెబ్బతిన్నాయో చూడండి.’ జబ్బు పేరు మీ నోటి నుంచి ముందు వస్తే ఎదుటివారు ఆరా తీయడానికి ఏమీ మిగలదు. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయవద్దు, నీళ్లతో పుక్కిలించండి చాలు. ఆమ్లంతో మెత్తబడిన పంటిని బ్రష్ మరింత అరగదీస్తుంది.

ఇక అమ్మ. ఆమె అన్న మాట కఠినమైనదే, నేను సమర్థించను. కానీ నాన్నకు చెప్పవద్దని ఒట్టు వేయించుకున్న మనిషి మిమ్మల్ని తేలిగ్గా తీసుకోలేదు, భయపడింది. ఎవరికైనా తెలిస్తే ఏమంటారో, పెళ్లి ఎలా అవుతుందో, తన పెంపకంలో ఏం లోపం జరిగిందో అని లోలోపల నలిగిపోతూ ఉండవచ్చు. మీ తరఫున ఆమెకు రెండు మాటలు రాస్తున్నాను. వీలైతే ఈ భాగం చదివి వినిపించండి.

అమ్మగారూ, మీ అమ్మాయికి వచ్చింది తిండి ఎక్కువై వచ్చే జబ్బు కాదు. అమెరికాలో ఇల్లు గడవక ఉచిత సరుకుల కోసం వరుసలో నిలబడేవారిని పరిశీలించినా ఇలాంటి జబ్బులు కనిపించాయి. మీ పెంపకం వల్లా రాలేదు. ఒకప్పుడు వైద్యులు కుటుంబాన్నే తప్పుపట్టేవారు. 1870ల్లో అనొరెక్సియాకు పేరు పెట్టిన లండన్ వైద్యుడు విలియం గల్, రోగిని చూసుకోవడానికి బంధువులంత పనికిరానివారు ఉండరన్నట్టు రాశారు. సుమారు వందేళ్ల తర్వాత అదే లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు దీన్ని తలకిందులు చేశారు. తల్లిదండ్రుల చేతికే చికిత్సను అప్పగించారు, దగ్గర కూర్చుని తినిపించమన్నారు, చిన్న వయసు పిల్లల్లో మంచి ఫలితాలు చూశారు. మీ అమ్మాయి పెద్దది, తినిపించనక్కర లేదు. ఇంటికి వచ్చినప్పుడు భోజనమయ్యాక ఓ అరగంట ఆమె పక్కన కూర్చోండి. తిండి గురించి, ఒంటి గురించి వద్దు, మీ చిన్ననాటి కబుర్లు చెప్పండి, కలిసి పూలు కట్టండి. భోజనం తర్వాతి ఆ కాస్త సమయమే ఆమెకు అన్నిటికంటే కష్టమైనది. ‘ఎంత తిన్నావు’, ‘ఇంకా తగ్గలేదా’ అనే రెండు ప్రశ్నలు మానేయండి. ఒక్కసారి ఆమెతో డాక్టరు దగ్గరికి వెళ్లండి, మీ సందేహాలన్నీ అక్కడే అడగండి.

మీకు మళ్లీ చెబుతున్నాను, అమ్మ వెంటనే మారాలని ఆశ పెట్టుకోవద్దు. ఈ జబ్బును ఆమె పూర్తిగా అర్థం చేసుకోకపోయినా ఆ అరగంట ఇవ్వగలదు. నాన్న విషయంలో తొందర లేదు. ఒట్టు తెంచి గొడవ పెట్టుకోవడం కంటే, డాక్టరును కలిశాక అమ్మతోనే చెప్పించడం మేలు. హాస్టల్‌లో మాత్రం ఒక్కరికి చెప్పండి. రాత్రి తొమ్మిదింటికి ‘కాసేపు కిందికి నడుద్దామా’ అని మీరు పిలిస్తే ఎందుకో అడగకుండా చెప్పులు వేసుకునే స్నేహితురాలు ఒకరు ఉండే ఉంటారు. ఆమెకు వివరాలన్నీ అక్కర్లేదు. తిండికి సంబంధించిన జబ్బుకు మందులు వాడుతున్నానని, భోజనం తర్వాత ఒంటరిగా ఉండకూడదని చెబితే చాలు.

పెళ్లికి వెళ్లండి. మానేస్తే ఆ రోజు హాయిగానే ఉంటుంది కానీ తర్వాతి శుభకార్యం ఇంకా భయపెడుతుంది. నేను అన్నిటికంటే ముందు చెప్పేది జాకెట్టు గురించి. పాత పట్టుచీర జాకెట్టు పట్టాలని ఈ నెల రోజులు కడుపు మాడ్చుకునే పని పెట్టుకోవద్దు. ఇప్పుడున్న ఒంటికి కొలతలిచ్చి, లోపల కుట్టు వదిలి కొత్తది కుట్టించుకోండి. కొలతల అంకెలు మీకు చెప్పవద్దని దర్జీని అడగండి, రాసుకుని ఊరుకుంటారు. పెళ్లి రోజు మధ్యాహ్నం విందు ఉందని పొద్దున టిఫిను మానడం మన ఇళ్లలో అందరూ చేసేదే. మీరు చేయకూడదు. ఖాళీ కడుపుతో పంక్తిలో కూర్చుంటే పగలంతా మాడి రాత్రి కూర్చున్నట్టే అవుతుంది.

పంక్తిలో మీకు నచ్చిన మనిషి పక్కన, వీలైతే చివరన కూర్చోండి. వడ్డించేవారు ‘ఇంకొక్క బూరె’ అని బలవంతం చేస్తే విస్తరి మీద చేయి అడ్డం పెట్టి ‘చాలండి’ అనండి, సంజాయిషీ అక్కర్లేదు. పెద్దవాళ్లు పలకరింపుగానే ‘చిక్కిపోయావేం’ అనో ‘ఒళ్లు చేశావే’ అనో అంటారు. వాళ్ల దృష్టిలో అది ప్రేమే. ఒక జవాబు ముందే సిద్ధంగా పెట్టుకోండి: ‘బాగున్నాను అత్తయ్యా, మీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి?’ మాట అటు మళ్లిపోతుంది. మీ పిన్నిని ముందే అడిగి, భోజనాలయ్యాక తాంబూలాలు ఇచ్చే చోట మీకు పని ఇప్పించుకోండి. వచ్చేపోయేవారికి పసుపు కుంకుమ, తమలపాకులు అందిస్తూ నలుగురి మధ్య ఉన్నంతసేపూ ఆ కష్టమైన గంట గడిచిపోతుంది. ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఒకవేళ వాంతి జరిగితే, రాత్రి భోజనం దాని వేళకు చేయండి. పూట మానవద్దు. మర్నాడు మీ డాక్టరుకు సందేశం పంపండి.

ఆఫీసు గురించి మీరు అడగలేదు కానీ ఒక సమాచారం ఉపయోగపడవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యులది, ఆసుపత్రిది. శరీర జబ్బులకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మానసిక జబ్బులకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలని కూడా ఆ చట్టం చెబుతోంది. సెలవు పెట్టేటప్పుడు మీ పై అధికారికి జబ్బు పేరు చెప్పనక్కర లేదు. బీమా దరఖాస్తులో మాత్రం దాచవద్దు, అక్కడ దాస్తే తర్వాత మీకే ఇబ్బంది.

చివరగా సంబంధాల విషయం. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని మీ అమ్మగారు అనుకుంటూ ఉండవచ్చు. సర్దుకోవు. కొత్త ఇల్లు, కొత్త వంటిల్లు, కంచం వంక చూసే కొత్త కళ్లు, ఇవన్నీ మానుతున్న పుండును రేపుతాయి. ఇప్పుడు మళ్లీ మొదలైన స్థితిలో ఉన్నారు కాబట్టి, మీ డాక్టరు సరేననే వరకు పెళ్లిచూపులు వాయిదా వేయించండి. ‘ఒంట్లో కాస్త నలతగా ఉంది, చికిత్స అయ్యాక చూద్దాం’ అంటే చాలు, అది అబద్ధమూ కాదు.

ఆ తర్వాత, మధ్యవర్తికి చెప్పవద్దు, అవతలి చుట్టాలకు చెప్పవద్దు, బయోడేటాలో అసలే రాయవద్దు. మీరిద్దరూ ఒకరికొకరు నచ్చాక, నిశ్చితార్థానికి ముందు, ఆ అబ్బాయికి మాత్రం మీరే స్వయంగా చెప్పండి. రోజూ కలిసి భోంచేయవలసిన మనిషి దగ్గర దాయాలంటే మళ్లీ ఆ పాత చాటు జీవితమే మొదలవుతుంది. రేపు గర్భం దాలిస్తే మందుల మార్పు గురించి డాక్టరుతో మాట్లాడాలి, అప్పుడు ఆయనకు తెలిసి ఉండటం మీకు రక్షణ. ‘నాకు బులీమియా అనే తిండి జబ్బు ఉంది. ఫలానా ఏడాది నుంచి చికిత్స తీసుకుంటున్నాను. ఇప్పుడు ఇలా ఉంది. మీరు కావాలంటే మా డాక్టరుతో మాట్లాడవచ్చు’ అని సూటిగా చెప్పండి. క్షమాపణ కోరే గొంతుతో వద్దు. ‘ఇలా ఉన్నా చేసుకుంటారా’ అని అడగవద్దు.

ఆయన ఆలోచించుకోవడానికి వారం అడిగితే తప్పు పట్టకండి, మీకే ఇది అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. ప్రశ్నలు అడిగితే మంచిదే, తెలిసినవి చెప్పండి, తెలియనివి డాక్టరును అడుగుదామనండి. నవ్వి కొట్టిపారేసినా, ‘మా అమ్మ చేతి వంట తింటే అదే పోతుంది’ అన్నా, ఈ సంగతి నాలుగిళ్లకు చేరవేసినా, ఆ సంబంధం వద్దని మీ ఇంట్లో చెప్పే హక్కు మీకుంది. అమ్మ ఏడ్చినా సరే, ఆ ఒక్క విషయంలో మెత్తబడకండి.